హక్కుల రద్దు తీర్పు చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టి చదవాలి

రాత్రి పదిన్నరకి మా ఆడపడుచు వాట్సాప్‌లో 31 పేజీల పీడీఎఫ్ పంపింది. పిల్లల మీద కన్నవాళ్ల హక్కులు రద్దు చేసిన కోర్టు తీర్పది. కింద ఒకటే ముక్క: "వదినా, ఒక్క దెబ్బ కొట్టినందుకు పిల్లల్ని శాశ్వతంగా లాగేసుకున్నారట. ఇదేం దేశం?" అప్పటికే అది మూడు గ్రూపులు తిరిగొచ్చింది. చదివినవాళ్లు మాత్రం ఎవరూ ఉన్నట్టు లేదు. తెల్లారి కాఫీ పెట్టుకుని చదివాను. ఆ దెబ్బ ఆరో పేజీలో ఉంది, రెండు వాక్యాలు. మిగిలిన పేజీలన్నీ ఆ దెబ్బ తర్వాత పద్నాలుగు నెలల్లో ఎవరేం చేశారు, ఎవరేం చెయ్యలేదు అన్నదే.

నేను లాయర్ని కాను. తెనాలిలో పుట్టి, ఇక్కడ టెక్సాస్‌లో ప్లేనోలో అకౌంట్స్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏడేళ్లుగా కాసా వాలంటీరుని, అంటే పిల్లల తరఫున కోర్టు నియమించే మనిషిని. 1977లో సియాటిల్‌లో ఒక జడ్జి మొదలుపెట్టిన పద్ధతి ఇది. సీపీఎస్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖ) ఒక మాట, తల్లిదండ్రుల లాయరు ఒక మాట చెబుతుంటే, ఒక్క పిల్లాడి గురించే ఆలోచించే మామూలు మనిషి కోర్టులో ఒకరుండాలనుకున్నాడాయన. 30 గంటల శిక్షణ ఇచ్చి, ప్రమాణం చేయించి, కేసు అప్పజెబుతారు. పిల్లల్ని వెళ్లి చూసి కోర్టుకి రిపోర్టు రాయాలి. నా కేసుల సంగతులు బయటికి చెప్పకూడదు కాబట్టి, కింద నా అనుభవం చెప్పినచోట గుర్తులన్నీ మార్చేశాను.

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. ఇక్కడ చెప్పేదంతా టెక్సాస్ సంగతి.

ముందు ఆఖరి పేజీ

ప్రింటు తీసుకోండి. ఫోన్లో చదివితే పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పడం కుదరదు. మొదటి పేజీ మీద పిల్లల పేర్లుండవు, "ఇన్ ది ఇంటరెస్ట్ ఆఫ్" అని రాసి పొడి అక్షరాలుంటాయి. పిల్లల బతుకు బజారున పడకూడదని చేసిన ఏర్పాటది. ఎవరు ఎవరో కనిపెట్టే పని పెట్టుకోకండి.

తర్వాత కోర్టు పేరు చూడండి. డాలస్, కాలిన్ కౌంటీల అప్పీళ్లు డాలస్‌లోని ఐదో అప్పీల్ కోర్టుకి వెళ్తాయి. టారంట్, డెంటన్ కౌంటీలవి ఫోర్ట్‌వర్త్‌లోని రెండో అప్పీల్ కోర్టుకి వెళ్తాయి. వాట్సాప్‌లో తిరిగేవి దాదాపు అన్నీ అప్పీలు తీర్పులే. అంటే సాక్షుల్ని కళ్లారా చూసిన జడ్జో, జ్యూరీయో ఒకరు అప్పటికే తేల్చేశారు. మీరు చదివేది రెండోసారి తూచిన తూకం. టెక్సాస్‌లో ఈ కేసుల్లో జ్యూరీని అడగొచ్చని మనవాళ్లలో చాలామందికి తెలియదు. పన్నెండు మందిలో పదిమంది ఒప్పుకుంటే చాలు.

ఇప్పుడు ఆఖరి పేజీకి వెళ్లండి. "అఫర్మ్" అని ఉంటే కింది కోర్టు మాటే నిలబడింది. "రివర్స్" అని ఉంటే ఇంకో మాట వెతకాలి. "రిమాండ్" అయితే విచారణ మళ్లీ జరుగుతుంది. "రెండర్" అయితే హక్కులు తీసేయడానికి తగిన సాక్ష్యమే లేదని పైకోర్టు తేల్చిపారేసింది. రివర్స్ అనగానే పిల్లలు ఆ సాయంత్రమే ఇంటికొచ్చేస్తారనుకుంటారు. అలా ఏం జరగదు. హక్కులు నిలబడినా, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది వేరే ప్రశ్న.

అక్షరాల జాబితా

టెక్సాస్ ఫ్యామిలీ కోడ్‌లో 161.001 అనే సెక్షను ఉంది. ఏ కారణాల మీద హక్కులు రద్దు చెయ్యొచ్చో అందులో ఇంగ్లిష్ అక్షరాల వరసలో రాశారు. తీర్పులో మీకు "డి", "ఇ", "ఎన్", "ఓ" అంటూ ఒంటి అక్షరాలు కనిపిస్తాయి. ఎర్ర పెన్నుతో వాటి చుట్టూ సున్నా చుట్టండి. పిల్లల్ని వదిలేసిపోతే ఎన్. సర్వీస్ ప్లాన్ (పిల్లలు తిరిగి రావాలంటే తల్లిదండ్రులు చెయ్యాల్సిన పనుల పట్టిక) ప్రకారం నడుచుకోకపోతే ఓ. ఈ కారణాన్ని 2025లో చట్టంలోంచి తీసేశారు, కానీ పాత తీర్పుల్లో కుప్పలుగా కనిపిస్తుంది. హింస కేసుల్లో అసలు కథ మాత్రం డి, ఇ అక్షరాల్లోనే ఉంటుంది.

పిల్లల శరీరానికో మనసుకో ప్రమాదమున్న పరిస్థితుల్లో వాళ్లని తెలిసీ ఉంచడం, తెలిసీ ఉండనివ్వడం డి కిందికి వస్తుంది. తానే ప్రమాదకరంగా ప్రవర్తించడం, లేదా అలా ప్రవర్తించేవాళ్ల చేతిలో తెలిసీ పిల్లల్ని పెట్టడం ఇ కిందికి వస్తుంది. ఇ కింద సాధారణంగా ఒక్క ఘటన చాలదు, వరసగా సాగిన తీరు కనిపించాలి.

"తెలిసీ" అన్న మాట దగ్గర ఆగండి. కొట్టిన మనిషి గురించి తీర్పులో అరపేజీ ఉంటే, పక్కనుండి ఊరుకున్న మనిషి గురించి ఐదు పేజీలుంటాయి. కొట్టినవాడి సంగతి తేల్చడం తేలిక, మచ్చలుంటాయి, డాక్టరు చెబుతాడు. ఊరుకున్న మనిషికి నిజంగా తెలుసా లేదా అన్నదే కోర్టుకి కష్టం. ఈ తీర్పుల్లో పదేపదే కనిపించే కథ ఇలా ఉంటుంది. తల్లిది నైట్ షిఫ్టు. ఇంట్లో ఉన్న మగమనిషి చెయ్యి చేసుకున్నాడు. సోమవారం స్కూల్లో టీచరు పిల్లాడి చెవి వెనక కమిలిన మచ్చ చూసి అడిగితే, మంచం మీంచి పడ్డాడంది తల్లి. తనకేం తెలియదనే కోర్టులోనూ చెప్పింది. కానీ ఆమె ఫోన్లో శనివారం రాత్రి 11 గంటలకి తీసిన ఆ చెవి ఫోటో ఉంది. చెల్లెలికి పంపింది, కింద ఏడుపు ముఖం బొమ్మ. తీర్పు మొత్తం ఆ ఫోటో మీద తిరుగుతుంది. శనివారం రాత్రికి తెలుసు, ఆదివారం డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, సోమవారం మళ్లీ అదే మనిషికి పిల్లాణ్ణి అప్పజెప్పి డ్యూటీకి వెళ్లింది. చదువుతూంటే నాకు ఆమె మీద కోపం రాదు, గుండె బరువెక్కుతుంది. అయినా డి కింద "తెలిసీ" రుజువైనట్టే.

పిల్లాడికి దెబ్బ తగిలి తీరాలన్న నియమం కూడా లేదు. 1987లో బాయిడ్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు తేల్చింది: ప్రమాదంలో పెట్టడం అంటే గాయమయ్యేదాకా ఆగడం కాదు, గాయమయ్యే దారిలో నిలబెట్టడం. అలాగని మనింట్లో పిల్లాడి వీపు మీద ఒకటి వేస్తే హక్కులు పోతాయని భయపెట్టేవాళ్ల మాటా నమ్మకండి. హద్దులో ఉన్న క్రమశిక్షణని టెక్సాస్ చట్టం దుర్మార్గం కింద లెక్కెయ్యదు. బెల్టు, వైరు, వాతలు, తలకి తగిలిన దెబ్బ, ఇవి ఆ హద్దులోవి కావు. "మా నాన్న మమ్మల్ని చింతబరికెతో బాదలేదా, మేం బాగుపడలేదా" అని సీపీఎస్ ఆఫీసులో వాదించినవాళ్లని చూశాను. ఆ వాక్యం నోట్సులోకి ఎక్కి, నోట్సు కోర్టుకి ఎక్కింది.

డి గానీ ఇ గానీ రుజువైందంటే ఆ మచ్చ రేపు ఇంకో బిడ్డ పుట్టినప్పుడూ వెంటపడొచ్చు, ఎమ్ అనే అక్షరం అందుకే ఉంది. అందుకని వేరే కారణం మీద తీర్పు నిలబడినా సరే, తల్లిదండ్రులు అప్పీల్లో లేవనెత్తితే డి, ఇ విషయాలు విడిగా చూసి తీరాలని 2019లో ఎన్.జి. కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాతి తీర్పులు పొడుగ్గా ఉండటానికి ఇదో కారణం.

ఆవగింజంత మొగ్గు చాలదు

మామూలు సివిల్ కేసుల్లో తక్కెడ ఆవగింజంత ఒకవైపు మొగ్గితే ఆ వైపు గెలుస్తుంది. న్యూయార్క్‌లో ఒకప్పుడు పిల్లల మీద హక్కులు కూడా ఆ లెక్కనే తీసేసేవాళ్లు. 1982లో శాంటోస్కీ వర్సెస్ క్రేమర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో అది కుదరదంది. కన్నవాళ్లని పిల్లల నుంచి శాశ్వతంగా విడదీసే పనికి "క్లియర్ అండ్ కన్విన్సింగ్" సాక్ష్యం కావాలంది. అంటే వినేవాళ్ల మనసులో గట్టి నమ్మకం కుదరాలి. క్రిమినల్ కేసులో అయితే సహేతుకమైన అనుమానం మిగలకూడదు. ఇది ఆ రెండింటికీ మధ్య మెట్టు.

మధ్య మెట్టు అన్నది బుర్రకెక్కితే సగం గందరగోళం పోతుంది. 2017 అక్టోబరులో రిచర్డ్‌సన్‌లో మూడేళ్ల పాప చనిపోయిన కేసు డాలస్ చుట్టుపక్కల మనవాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. బీహార్ అనాథాశ్రమం నుంచి కేరళ దంపతులు దత్తత తెచ్చుకున్న పిల్ల. ఇంట్లో ఉన్న వాళ్ల సొంత కూతుర్ని సీపీఎస్ తీసుకుంది. 2018 జనవరిలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ కూతురి మీద హక్కులు వదులుకున్నారు. 2019 మార్చిలో తల్లి మీద క్రిమినల్ కేసు ఎత్తేశారు, జూన్‌లో తండ్రికి యావజ్జీవం పడింది. "తల్లి మీద కేసే లేదు కదా, మరి కూతుర్ని తిరిగి ఇవ్వరా?" అని అప్పట్లో గుడిలో కూడా నన్ను అడిగారు. ఇవ్వరు. క్రిమినల్ కోర్టు దారి వేరు, ఫ్యామిలీ కోర్టు దారి వేరు. ఒకచోట కేసు పోయినంత మాత్రాన రెండోచోట పోయిన హక్కు తిరిగి రాదు. పైగా సీపీఎస్ పేరు మీద హక్కులు వదులుకుంటూ అఫిడవిట్ మీద సంతకం పెడితే దాన్ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. లాయరుతో కూర్చోకుండా ఆ కాగితం ముట్టుకోకూడదు.

రెండో ప్రశ్న, ఆకుపచ్చ పెన్ను

కారణం రుజువైతే సరిపోదు. హక్కులు తీసెయ్యడమే పిల్లాడికి మేలని కూడా అంతే గట్టిగా రుజువు కావాలి. రెండిట్లో ఏది తప్పినా కేసు నిలవదు. ఇక్కడ ప్రతి తీర్పులోనూ "హోలీ" అన్న పేరు వస్తుంది. 1976 నాటి హోలీ వర్సెస్ ఆడమ్స్ కేసు. పిల్లాడికేం కావాలి, ఇప్పుడూ ముందు ముందూ వాడి అవసరాలేంటి, ప్రమాదమేంటి, పెంచేవాళ్లకి ఆ చేవ ఉందా, ఇల్లు నిలకడగా ఉంటుందా, తప్పుకి ఏమైనా సాకు ఉందా, ఇలా తొమ్మిది విషయాలు చూడమంది. తొమ్మిదీ ఉండాలని లేదని 2002లో సి.హెచ్. కేసులో తేల్చారు. హక్కులు తీసేసే తీర్పుల్లో రోజూ వల్లించే ఆ హోలీ కేసులో సుప్రీంకోర్టులో గెలిచింది మాత్రం తల్లే.

ఈ భాగంలో ఆకుపచ్చ పెన్నుతో పిల్లాడి ఇప్పటి సంగతులు గీయండి. నిద్రపోతున్నాడా, మాటలొచ్చాయా, పెంచుతున్నవాళ్లు దత్తత తీసుకుంటామన్నారా, విజిట్లకి అమ్మానాన్న వస్తున్నారా. ప్రతి గీత దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది చూసిన సంగతా, ఎవరి అభిప్రాయమా?

నాకు ఈ తేడా తిట్లు తిన్నాకే అర్థమైంది. నా మొదటి రిపోర్టులో "తండ్రికి పిల్లాడి మీద ప్రేమ లేదు" అని రాశాను. మా సూపర్‌వైజరు దాన్ని ఎర్రగా కొట్టేసి, "ప్రేమ నీకెలా కనబడింది? ఏం చూశావో రాయి" అంది. మొహం మాడ్చుకుని మళ్లీ నోట్సు తీశాను. గంట విజిట్‌లో ఆయన 38 నిమిషాలు ఫోన్ చూశాడు. పిల్లాడు బొమ్మ ట్రక్కు తెచ్చి రెండుసార్లు ఒళ్లో పెడితే, రెండుసార్లూ తీసి కింద పెట్టాడు. మూడోసారి వాడు ట్రక్కు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. అదే రాశాను. ఆ తర్వాత ఆరు వారాలకి ఆయనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పిల్లాడితో ఇడ్లీ తినిపించుకున్నాడు, అదీ రాశాను. మొదటి వాక్యం అలాగే ఉండి ఉంటే రెండోదానికి చోటుండేది కాదు.

తీర్పులో "తల్లి బాధ్యతారహితురాలు" లాంటి మాట మాత్రమే కనిపించి, దాని వెనక ట్రక్కులూ ఫోటోలూ తారీఖులూ కనిపించకపోతే అది బలహీనమైన చోటు. పైకోర్టు రివర్స్ చేసిన తీర్పులు చదివితే, చాలావాటిలో ఇలాంటి చోటే చిరిగి ఉంటుంది.

మార్జిన్లో క్యాలెండరు

పెన్సిలుతో తారీఖులు రాసుకోండి. పిల్లల్ని తీసుకెళ్లిన రోజు, ఆ తర్వాత 14 రోజుల్లో మొదటి పూర్తి హియరింగు. అక్కణ్ణించి ఏడాది గడియారం మొదలవుతుంది. సీపీఎస్‌ని తాత్కాలిక సంరక్షకుడిగా వేసిన రోజుకి ఏడాది నిండాక వచ్చే మొదటి సోమవారంలోపు అసలు విచారణ (ట్రయల్) మొదలుకాకపోతే కేసు దానంతటదే పోతుంది. అసాధారణ పరిస్థితులుంటే 180 రోజుల వరకు పొడిగిస్తారు. 1997 నాటి ఫెడరల్ చట్టం కూడా గత 22 నెలల్లో 15 నెలలు పిల్లలు ప్రభుత్వ సంరక్షణలో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, రద్దుకి పిటిషను వెయ్యమంటుంది.

మన దగ్గర సివిల్ కేసు అంటే తాత వేస్తే మనవడు తీర్పు వినేది. అదే లెక్కలో ఉండి, "కౌన్సెలింగ్‌కి వచ్చే నెల వెళ్దాంలే" అనుకున్నవాళ్లున్నారు. తీర్పులో ఆ నెల కనబడుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఏ క్లాసుకీ వెళ్లలేదు, అక్టోబరులో మూడు క్లాసులు ఒకేసారి. ఆఖరి నెల పరుగుని కోర్టులు పెద్దగా లెక్కచెయ్యవు. తీర్పొచ్చాక అప్పీలు నోటీసుకి ఇచ్చేది కూడా 20 రోజులే.

వీసా సంగతి

"మా వీసా పోతే పిల్లలు కూడా పోతారా?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి చదవాల్సింది 2012 నాటి ఇ.ఎన్.సి. కేసు. మెక్సికోకి డిపోర్ట్ అయిన తండ్రి, టెక్సాస్‌లో పిల్లలు. పాత శిక్షనీ, డిపోర్టేషన్‌నీ చూపించి కింది కోర్టు హక్కులు తీసేసింది. టెక్సాస్ సుప్రీంకోర్టు అది చెల్లదంది. దేశం దాటించడం ఒక్కటే పిల్లల్ని ప్రమాదంలో పెట్టడం కాదంది. దేశం వేరైనా, జీతం తక్కువైనా, అపార్ట్‌మెంట్ ఇరుకైనా, వాటంతట అవి హక్కులు తీసే కారణాలు కావు.

డబ్బు లేదని లాయరు లేకుండా నిలబడక్కర్లేదు కూడా. సీపీఎస్ వేసిన రద్దు కేసులో ఎదురు నిలబడే పేద తల్లిదండ్రులకి టెక్సాస్‌లో కోర్టే లాయర్ని ఇస్తుంది. ఆ లాయరు పని సరిగా చెయ్యకపోతే దాన్నే అప్పీల్లో లేవనెత్తొచ్చని 2003లో ఎమ్.ఎస్. కేసు చెప్పింది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడగండి. ఇంగ్లిష్ వచ్చినా అడగండి. "ఐ బీట్ హిమ్" అని ఒకాయన చెప్పింది చదరంగంలో ఓడించిన సంగతి, రాసుకున్నది వేరే.

హక్కులు పోయాక ఏం మిగులుతుంది? తల్లిదండ్రులకి ఏమీ మిగలదు, చూడ్డానికి వెళ్లే హక్కు కూడా. పిల్లలకి మాత్రం, కోర్టు వేరేగా రాస్తే తప్ప, కన్నవాళ్ల ఆస్తిలో వారసత్వం ఉంటుంది. ఊళ్లో పొలాలున్నవాళ్లు ఈ లైను తీర్పులో వెతుక్కోవాలి. రెండేళ్లు దాటినా పిల్లల్ని ఎవరూ దత్తత తీసుకోకపోతే హక్కులు తిరిగిమ్మని అడిగే దారి కూడా టెక్సాస్ చట్టంలో ఇప్పుడుంది. ఇరుకు దారే, కానీ ఉంది.

మా ఆడపడుచు పంపిన 31 పేజీల్లో నన్ను పట్టుకున్నది పద్దెనిమిదో పేజీ. పిల్లల్ని ఉంచుకోగలిగిన బంధువులెవరూ ముందుకు రాలేదని ఒక్క వాక్యం. సీపీఎస్ మొదట్లోనే ఒక కాగితం ఇస్తుంది, పిల్లల్ని చూసుకోగలిగినవాళ్లు ముగ్గురి పేర్లు రాయమని. మనవాళ్లు దాన్ని ఖాళీగా ఇచ్చేస్తారు. నలుగురికీ తెలిస్తే పరువేం కావాలని. బాబాయి కొడుకు అలెన్‌లో ఉంటాడు, పెద్దమ్మ కూతురు ఆస్టిన్‌లో ఉంటుంది, వాళ్లకి ఫోన్ చెయ్యరు. పిల్లలు భాష రాని ఇంట్లో, పెరుగన్నం తెలియని ఇంట్లో ఏడాది పెరుగుతారు, అక్కడ అలవాటు పడతారు, ఆ అలవాటే తర్వాత హోలీ లెక్కలో ఆ ఇంటివైపు తూగుతుంది.

ఆ కాగితం మీ చేతికో మీకు తెలిసినవాళ్ల చేతికో వస్తే మూడు గళ్లూ నింపండి. పేరు, ఫోన్ నంబరు, అడ్రసు. రాసే ముందు వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, సీపీఎస్ నుంచి ఫోనొస్తే వాళ్లు తత్తరపడకుండా ఉంటారు.